ఏడో ప్రశ్న
(స్మారకోపన్యాస పాఠం)



గురువుగారి పేరున జరిగే ఈ ఉపన్యాసానికి విషయం నన్నే ఎంచుకోమన్నారు. మన హైకోర్టు చరిత్ర గురించో, ప్రాథమిక హక్కుల గురించో మాట్లాడతానని మీలో చాలామంది అనుకుని వచ్చి ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. నేను అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో 1980లో పుట్టిన ఒక లా ఆఫీసు కథ చెబుతాను. దాని పేరు సస్మన్ గాడ్‌ఫ్రీ. కోర్టులో వ్యాజ్యం నడపడం తప్ప వేరే పని పెట్టుకోని ఆఫీసు. దాని గురించి చదివినకొద్దీ నాకు నారాయణగూడలో గురువుగారి ఛాంబరే గుర్తుకొస్తూ వచ్చింది. ఎందుకో ముందే చెబుతాను.

నేను ఛాంబర్లో చేరిన రెండో ఏడు. సిటీ సివిల్ కోర్టులో ఒక ప్రోనోటు దావా. మాది ప్రతివాది పక్షం. నోటు రాసిన లేఖరి ఆ రోజు బోనెక్కాడు. చీఫ్ అయిపోయింది. గురువుగారు లేచి, "మా జూనియర్ క్రాస్ చేస్తారు" అని జడ్జిగారితో చెప్పి కూర్చున్నారు. ముందు రోజు రాత్రి నాకు మాట మాత్రం చెప్పలేదు. అయితే కట్ట కట్టింది నేనే కాబట్టి ఏ కాగితం ఎక్కడుందో నాకు తెలుసు. తొమ్మిది ప్రశ్నలు అడిగాను. ఆరో ప్రశ్నకి సాక్షి, డబ్బు చేతులు మారడం తాను కళ్లారా చూడలేదని ఒప్పుకున్నాడు. అక్కడ ఆపాలి. నేను ఆపలేదు. "మరి డబ్బు ముట్టిందని ఎలా చెబుతున్నావు?" అన్నాను. "అదేంటి బాబూ, ముట్టిందని ఆయనే నా ముందు ఒప్పుకుని సంతకం పెట్టాడు కదా" అన్నాడు. చేతికొచ్చింది చేజారింది.

గురువుగారు లేవలేదు. కట్ట మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నారు. మిగిలిన రెండు ప్రశ్నలూ నేనే అడిగి, నేనే ముగించాను. సాయంత్రం క్యాంటీన్లో టీ తాగుతూ, "ఆరోదాని దగ్గర కూర్చోవలసింది. ఎల్లుండి సాక్షి సంతకం చేసినవాడు వస్తాడు. వాణ్ణీ నువ్వే చూడు" అన్నారు. అంతే. ఇన్నేళ్లలో ఆ ఏడో ప్రశ్న గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఇక హ్యూస్టన్‌కి వెళ్దాం. వ్యాజ్యాలు మాత్రమే నడిపే చిన్న సంస్థల్ని అక్కడ లిటిగేషన్ బొటిక్ అంటారు. బొటిక్ అనగానే మనకి బ్లౌజులు కుట్టే కొట్టు గుర్తొస్తుంది. అర్థానికి అది దూరం కాదు. అక్కడ అన్నీ దొరకవు. ఒక్కటే దొరుకుతుంది, అది కొలతకి కుట్టి ఇస్తారు. పెద్ద సంస్థలు వేరు. కంపెనీల విలీనాలు, అప్పు పత్రాలు, పన్నులు, వ్యాజ్యాలు అన్నీ ఒకే కప్పు కింద నడుస్తాయి. వకీళ్లు వందల్లో, వేలల్లో ఉంటారు. ఆ పెద్దరికంలోనే ఒక ముడి ఉంది. ఒక బ్యాంకుకి అప్పు పత్రాలు రాసిపెట్టే సంస్థ అదే బ్యాంకు మీద దావా వెయ్యలేదు. చమురు కంపెనీలు, కాగితం మిల్లులు, బీమా కంపెనీలు అన్నీ ఏదో ఒక శాఖలో క్లయింట్లే అయినప్పుడు వాటి చేతిలో నష్టపోయినవాడు ఏ గుమ్మం తొక్కాలి? చిన్న సంస్థలు పుట్టింది ఆ ఖాళీలోంచే. చిన్నదిగా ఉండటం వాళ్లకి లోటు కాదు. ఎవరి మీదైనా కేసు పట్టగల స్వేచ్ఛ దానివల్లే వచ్చింది.

స్టీఫెన్ సస్మన్ 1941లో హ్యూస్టన్‌లోనే పుట్టారు. తండ్రి వకీలు. కొడుక్కి ఎనిమిదేళ్లప్పుడు పోయారు. తల్లి కూడా లా చదివిన మనిషి, ఆమే పెంచి పెద్ద చేశారు. యేల్‌లో డిగ్రీ, టెక్సస్ విశ్వవిద్యాలయంలో లా. ఆ తర్వాత అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ హ్యూగో బ్లాక్ దగ్గర లా క్లర్కుగా పనిచేశారు. డబ్బు లేని ముద్దాయికి ప్రభుత్వమే వకీల్ని ఇవ్వాలని 1963లో తీర్పు రాసిన న్యాయమూర్తి ఆయనే. అక్కణ్ణుంచి హ్యూస్టన్ తిరిగొచ్చి లియాన్ జవార్‌స్కీ సంస్థలో చేరారు. వాటర్‌గేట్ కేసులో అధ్యక్షుడి టేపులు బయటికి రావాలని సుప్రీంకోర్టులో వాదించి గెలిచిన జవార్‌స్కీయే. సస్మన్ ఆ సంస్థలో భాగస్వామి కూడా అయ్యారు. ఇంతకంటే భద్రమైన జీవితం ఆ ఊళ్లో ఏ యువ వకీలుకీ ఉండదు.

ఆయన దాన్ని వదిలేశారు. కొన్నాళ్లు లా కాలేజీలో పాఠం చెప్పి, తర్వాత మాండెల్ అండ్ రైట్ అనే చిన్న సంస్థలో చేరారు. అది ఓడల్లో పనిచేస్తూ గాయపడ్డ కార్మికుల తరఫున కేసులు పట్టే ఆఫీసు. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన కేసు అక్కడే చేతికొచ్చింది.

అది అట్టపెట్టెల కేసు. సబ్బులు, బిస్కెట్లు, టీవీలు ఏవి సర్దాలన్నా కావలసిన అట్టపెట్టెల్ని తయారుచేసే కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచాయన్నది ఆరోపణ. పెట్టెలు కొన్నవాళ్లందరి తరఫునా ఒకే సామూహిక దావా. హ్యూస్టన్ ఫెడరల్ కోర్టులో 1980లో జూరీ ముందు విచారణ జరిగింది. ఒక పెట్టె మీద పడ్డ భారం పైసల్లోనే ఉంటుంది. దేశమంతా కొన్న పెట్టెలన్నిటినీ కలిపితే అది కోట్ల డాలర్లు.

ఇక్కడ అమెరికా చట్టంలోని ఒక కీలకాంశం చెప్పాలి. అది తెలియకపోతే ఈ కేసు గెలుపు అర్థం కాదు. ధరల కుమ్మక్కు రుజువైతే నష్టానికి మూడు రెట్లు కట్టాలి. కుట్రలో ఉన్న ప్రతి ఒక్కడూ మొత్తానికి బాధ్యుడే. కట్టినవాడు మిగతావాళ్ల దగ్గర వాటా వసూలు చేసుకోవడానికి కూడా వీల్లేదు. దీని పర్యవసానం ఆలోచించండి. మిగతావాళ్లందరూ ముందే రాజీపడి వెళ్లిపోతే, చివరికి మిగిలిన ఒక్కడి నెత్తిన మొత్తం నష్టం మూడు రెట్లు పడుతుంది, ముందు రాజీపడ్డవాళ్లు ఇచ్చినంత మాత్రం అందులోంచి తీసేస్తారు. ఆఖరివాడుగా మిగలడానికి ఎవరికీ ధైర్యం ఉండదు. ముందొచ్చినవాడికి తక్కువలో తెగుతుంది, వెనక వచ్చినకొద్దీ రేటు పెరుగుతుంది. సస్మన్ బృందం ఆ భయాన్ని ఓపిగ్గా వాడుకుంది. ఒక్కొక్క కంపెనీయే రాజీకి వచ్చింది. మొత్తం రాజీ సొమ్ము 55 కోట్ల డాలర్లు దాటింది. ఆ రోజుల్లో అలాంటి కేసుల్లో అంత సొమ్ము ఎవరూ చూడలేదు. ఆ విచారణ జరిగిన ఏడే ఆయన సొంత ఆఫీసు తెరిచారు. కొంతకాలానికి లీ గాడ్‌ఫ్రీ పేరు కూడా బోర్డు మీదికి వచ్చింది.

ఆ ఆఫీసు బతికిన పద్ధతి మనకి కొత్త. పెద్ద సంస్థలు గంటకింతని ఫీజు తీసుకుంటాయి. కేసు గెలిచినా ఓడినా గంటల లెక్క ఆగదు. కేసు సాగినకొద్దీ ఆఫీసుకి లాభం. సస్మన్ ఆ లెక్కని తిరగేశారు. గెలిస్తే వచ్చినదాంట్లో వాటా, అక్కడ మామూలుగా మూడో వంతు. ఓడితే ఫీజు లేదు. చాలా కేసుల్లో నిపుణులకి, కాగితాలకి, ప్రయాణాలకి అయ్యే ఖర్చు కూడా ఆఫీసే పెట్టుకుంటుంది. నాలుగేళ్లు నడిచి ఓడిన కేసు అంటే నాలుగేళ్ల సొంత డబ్బు పోయినట్టే. అలా ఓడినవీ ఉన్నాయి. అలాస్కాలో కివలీనా అనే చిన్న ఊరు సముద్రం కోతకి గురవుతోంది. భూతాపానికి కారణం మీరేనని ఆ ఊరివాళ్లు 2008లో చమురు, విద్యుత్ కంపెనీల మీద దావా వేశారు. వాళ్ల వకీళ్లలో సస్మన్ ఒకరు. కింది కోర్టు కొట్టేసింది. పై కోర్టు కూడా 2012లో అదే ఖాయం చేసింది. అయినా ఆ కేసు పట్టినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఇంత ప్రమాదం తలకెత్తుకునే కేసుని ఎంచుకునేది ఎవరు? నన్ను ఈ ఉపన్యాసం దాకా తెచ్చింది ఈ ప్రశ్నకి వాళ్లిచ్చిన జవాబే. ఆ ఆఫీసులో వకీళ్లందరూ వారానికోసారి కూర్చుంటారు. ఫలితాన్ని బట్టి ఫీజు వచ్చే కేసు ఏదైనా వస్తే, దాన్ని తెచ్చినవారు అందరి ముందూ పెట్టి చెబుతారు. ప్రశ్నలు పడతాయి. తర్వాత ఓటు. పేరు బోర్డు మీదున్న సస్మన్‌కి ఆయన ఉన్నంతకాలం ఒకే ఓటు. కిందటి నెల చేరిన కుర్రవాడిది ఒక ఓటు. రెండూ సమానం. సంస్థ డబ్బు ఏ కేసులో పెట్టాలో నిర్ణయించేటప్పుడు కొత్తగా చేరినవాడు గోడ వారన నిలబడి ఉండడు, చెయ్యెత్తి చెబుతాడు. ఓటున్నవాడు కట్ట చదవకుండా మీటింగుకి రాడు. ఒక కేసులో బలం ఎక్కడుంది, బలహీనత ఎక్కడుంది, అవతలివాడు ఏం చెబుతాడు, జూరీకి ఏం కనిపిస్తుంది అనే విద్యని ప్రతి వారం అందరికీ నేర్పే బడి అది.

ఆ కుర్రవాళ్లని అక్కడ విచారణలో కూర్చోబెట్టి ఊరుకోరు. సాక్షుల్ని ఇస్తారు, డిపోజిషన్లు, అంటే విచారణకి ముందే కోర్టు బయట నమోదుచేసే వాంగ్మూలాలు, తీయిస్తారు, వాదనలో భాగం ఇస్తారు. అందుకే అమెరికాలో జడ్జీల దగ్గర క్లర్కులుగా పనిచేసి వచ్చిన చురుకైన పిల్లలు, వేలమంది వకీళ్లున్న సంస్థల్ని వదులుకుని ఆ గుమ్మం ఎక్కారు. హ్యూస్టన్ నుంచి లాస్ ఏంజెలిస్, సియాటెల్, న్యూయార్క్‌లకి శాఖలు విస్తరించాయి. ఆ సంస్థ మేనేజింగ్ పార్ట్‌నర్లలో ఒకరి పేరు కల్పన శ్రీనివాసన్. ఆ పేరు మన చెవికి పరాయిది కాదు. పెద్ద సంస్థల పక్కన పెడితే ఆ ఆఫీసు ఇప్పటికీ చిన్నదే.

సస్మన్ పద్ధతుల్లో ఇంకొకటి మన బార్‌కి నేరుగా తగులుతుంది. కేసు మొదట్లోనే ఆయన అవతలి వకీలుని పిలిచి కూర్చోబెట్టేవారు. మనం కొట్టుకోవలసింది అసలు వివాదం మీద, కాగితాలు ఎప్పుడిస్తారు, సాక్షిని ఎన్ని గంటలు అడుగుతారు, నోటీసు ఎలా పంపుతారు అనే వాటి మీద కాదని చెప్పి, ముందే ఒప్పందాలు రాసుకునేవారు. ఇన్ని డిపోజిషన్లే, ఇన్ని గంటలే, కాగితాలు ఈమెయిల్‌లోనే అని. అలా రాసుకుంటే విచారణ త్వరగా వస్తుంది, క్లయింటు ఖర్చు తగ్గుతుంది. మన దగ్గర ప్రతివాది జవాబు దాఖలు చెయ్యడానికే ఎన్ని వాయిదాలు పోతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అవతలి పక్షంతో మర్యాదగా కూర్చుని తేదీలు ఖరారు చేసుకోవడం క్లయింటుకి ద్రోహం అనే భావన మనలో పాతుకుపోయింది. అది తప్పు. నేనూ చాలా ఏళ్లు ఆ తప్పే చేశాను.

విచారణలు తగ్గిపోతున్నాయన్న బెంగ ఆయనకి చివరి దాకా ఉంది. మార్క్ గ్యాలంటర్ అనే పండితుడు లెక్క తీశారు. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో 1962లో సివిల్ కేసుల్లో 11.5 శాతం విచారణతో ముగిసేవి. 2002 నాటికి అది 1.8 శాతానికి పడిపోయింది. ఈ గ్యాలంటర్ మన దేశంలో రిజర్వేషన్ల చట్టం మీద దశాబ్దాలు పనిచేసిన మనిషే. జూరీ విచారణ ఎందుకు మాయమవుతోందో అధ్యయనం చెయ్యడానికి సస్మన్ 2015లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం పెట్టారు. 2020 ఏప్రిల్‌లో సైకిల్ మీంచి పడి తలకి దెబ్బ తగిలింది. కోలుకుంటుండగా కోవిడ్ సోకింది. జూలై 14న, 79వ ఏట కన్నుమూశారు.

ఒక ఆఫీసు ఎంత గట్టిదో పెట్టినవాడు పోయాక తెలుస్తుంది. 2020 ఎన్నికల్లో తమ ఓటింగ్ యంత్రాలు మోసం చేశాయని అబద్ధం ప్రసారం చేశారంటూ డొమినియన్ కంపెనీ ఫాక్స్ న్యూస్ మీద పరువునష్టం దావా వేసింది. ఆ కేసు నడిపినవాళ్లలో సస్మన్ గాడ్‌ఫ్రీ వకీళ్లు ముందు వరసలో ఉన్నారు. 2023 ఏప్రిల్ 18న డెలావేర్ కోర్టులో జూరీ ప్రమాణం చేసి కూర్చుంది. మొదటి మాట మొదలవకముందే రాజీ కుదిరింది. సొమ్ము 78 కోట్ల 75 లక్షల డాలర్లు. వీళ్లు నిజంగానే విచారణకి దిగుతారని అవతలివాడికి నమ్మకం కలగనిదే ఏ రాజీ అంత దాకా రాదు.

తర్వాత వాళ్లకి అసలు పరీక్ష వచ్చింది. 2025 ఏప్రిల్ 9న అమెరికా అధ్యక్షుడు ఈ సంస్థ మీదే ఒక ఉత్తర్వు ఇచ్చారు. ప్రభుత్వ భవనాల్లోకి వీళ్ల ప్రవేశాన్ని పరిమితం చెయ్యాలని, వీళ్లతో వ్యవహారాలున్న ప్రభుత్వ కాంట్రాక్టర్లు ఆ సంగతి వెల్లడించాలని అందులో ఉంది. అంటే క్లయింట్లు భయపడి పారిపోవాలి. అప్పటికి ఇలాంటి ఒత్తిడికి తలవంచి తొమ్మిది పెద్ద సంస్థలు ప్రభుత్వంతో ఒప్పందాలు కుదుర్చుకున్నాయి, లేదా కుదుర్చుకునే దారిలో ఉన్నాయి. కోర్టుకి వెళ్లినవి నాలుగే. ఆ నాలుగింట్లో ఇది ఒకటి. ఏప్రిల్ 15న జడ్జి లోరెన్ అలీఖాన్ తాత్కాలికంగా ఉత్తర్వుని నిలిపేశారు. జూన్ 27న దాని అమలుని శాశ్వతంగా నిషేధించారు. మిగతా మూడు సంస్థలకీ కింది కోర్టులో గెలుపే దక్కింది.

పెద్దవాళ్లు వంగారు, ఈ చిన్నది నిలబడింది. ధైర్యం అనే ఒక్క మాటతో దీన్ని ముగించలేను. విలీనాల మీద బతికే సంస్థకి అడుగడుగునా ప్రభుత్వ అనుమతి కావాలి. అలాంటి సంస్థకి ప్రభుత్వంతో వైరం అంటే క్లయింటు పని ఆగిపోవడమే. వ్యాజ్యం కోసమే వచ్చిన క్లయింటు తన వకీలు పోట్లాడతాడా లేదా అన్నదే చూస్తాడు. ఎప్పుడూ పోట్లాడి బతికిన ఆఫీసుకి పోట్లాట కొత్త కాదు. ఆ ఆఫీసులో ప్రతి కుర్రవాడూ ప్రమాదాన్ని తూచి చెయ్యెత్తడం నలభై ఏళ్లుగా నేర్చుకుంటూ వచ్చాడు.

ఇందులో మనం తెచ్చుకోగలిగింది ఏమిటి? వాటా ఫీజు మాత్రం కాదు. మన చట్టం దాన్ని ఒప్పుకోదు. బార్ కౌన్సిల్ నియమం స్పష్టంగా నిషేధించింది. 1954లోనే సుప్రీంకోర్టు అలా ఒప్పందం చేసుకున్న ఒక సీనియర్‌ని శిక్షించింది. 2017 డిసెంబరులో మన తెలంగాణ నుంచే వెళ్లిన కేసులో మళ్లీ అదే చెప్పింది. భర్తని ప్రమాదంలో పోగొట్టుకున్న ఒకావిడ, తనకొచ్చిన పరిహారంలోంచి వకీలుకి పది లక్షలు ఇచ్చింది. ఇంకా శాతం లెక్కన మిగిలిందని ఆమె దగ్గర చెక్కు రాయించుకుని, అది చెల్లలేదని క్రిమినల్ కేసు పెట్టారు. సుప్రీంకోర్టు ఆ కేసుని కొట్టేసింది. ఈ నియమం మనకి సరైనదే అని నా నమ్మకం. మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్ల బయట, భూసేకరణ కేసుల్లో, చదువురాని మనిషి పరిహారానికి వాటా రాయించుకోవడం ఎంత హానిచేస్తుందో మనం చూశాం. అట్టపెట్టెలు కొన్న కంపెనీ వేరు, ఆ వితంతువు వేరు.

కాని ఓటుకి ఏ నియమమూ అడ్డం కాదు. సాక్షిని జూనియర్‌కి ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డం రాదు. మన ఛాంబర్లలో పిల్లలు అయిదేళ్లు వాయిదాలు అడగడానికే కోర్టుకి వెళ్తున్నారు. "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, పాస్ ఓవర్ ఇవ్వండి" అన్న ఒక్క వాక్యం తప్ప గొంతు విప్పే అవకాశం లేక, మంచి పిల్లలు కంపెనీ ఉద్యోగాలకి వెళ్లిపోతున్నారు. జీతం సంగతీ అంతే. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకి పట్టణాల్లో నెలకి కనీసం 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వాలని సీనియర్లకి సూచించింది. సూచన మాత్రమే కాబట్టి పక్కన పెట్టేసినవాళ్లు ఉన్నారు. ఆ వయసులో నేను బస్సు ఛార్జీ లెక్క పెట్టుకుంటూ తిరిగాను. గురువుగారు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున కవర్ నా కట్ట మీద పెట్టేవారు, అడిగించుకోలేదు.

ఈ హాల్లో ఉన్న సీనియర్లందరికీ నా విన్నపం ఒక్కటే. ఈ వారం మీ ఛాంబర్లోకి కొత్త కేసు వచ్చినప్పుడు, తీసుకోవాలా వద్దా అని మీ జూనియర్‌ని అడగండి, చెప్పింది వినండి. వచ్చే వాయిదాకి ఒక సాక్షిని ఆ పిల్లకి, ఆ పిల్లవాడికి ఇవ్వండి. మీరు పక్కనే కూర్చోండి. ఏడో ప్రశ్న అడిగినా సరే, లేవకండి.